పుత్తూరులో తిన్న సంగటి

నేను కోతలు కోసే మనిషినే. అయినా ఈ మాట నమ్మండి: నా జన్మలో నిజంగా తృప్తిగా తిన్న తిండి పంతొమ్మిదివందల డెబ్బైల్లో, పుత్తూరులో.

విరిగిన కుడిచేతికి కట్టు కట్టించుకోవడానికి గుంటూరు నుంచి వెళ్ళాను. కట్టు కట్టాక అరుగు మీద కూర్చుంటే, పక్కన కాలికి కట్టుతో కార్వేటినగరం రైతు ఒకాయన ఉన్నాడు. నాకు రెండు రైసుమిల్లులున్నాయనీ, మా వంశంలో తొంభైలోపు ఎవరూ పోరనీ, పని లేకుండా పూట గడపననీ, గుర్రం మీంచి పడ్డాననీ ఆయనకు చెప్పాను.

"అన్నీ ఉండాయి గానీ, కూడు తినేదెట్లప్పా?" అన్నాడు.

పొద్దుటి నుంచి పస్తే. ఎడమచేత్తో తినడానికి సిగ్గు.

"నీకు కాళ్లుండాయి, నాకు చేతులుండాయి. పోయి సంగటి పట్టుకోనిరా. ఈడ అందరూ అంతే."

చుట్టూ చూస్తే నిజమే, కాలు విరిగినవాళ్లు చెయ్యి విరిగినవాళ్లకు తినిపిస్తున్నారు.

తెచ్చాను. కులం అడక్కుండా నాకో ముద్ద పెట్టి, అదే ఆకులో తానో ముద్ద తిన్నాడు.

"నెలపైన సేద్యం ఆగిపోతుంది కదా, మీకు దిగులు లేదా?" అన్నాను.

"ఉండాది. ఈ ముద్ద అయినాక పడతా."

ఆయన ఇంకో ముద్ద ఎత్తితే ఎడమచెయ్యి అడ్డం పెట్టాను. "మిల్లులు నావి కావండీ, అక్కడ గుమాస్తాని. పడింది స్నానాలగదిలో" అన్నాను.

"గుర్రమన్నప్పుడే తెలిసిందిలే అబ్బా. నోరు తెరువు."