దేవమాత వాటాకు వెళ్లిన పని

"బొమ్మలు బాగానే వేశావు, వాటిని చూడ్డానికి మనుషులెవరైనా రావాలి కదే?"

వెలింగ్రాద్ అనే ఊళ్లో వేడినీటి కొలనున్న చిన్న అతిథిగృహం నడిపే కోస్తాదింకా, తన అక్క కూతురు రాలిత్సాను ఫోన్లో అడిగిన ప్రశ్న ఇది. ప్లోవ్‌దివ్ నగరంలోని మా డిజైన్ కంపెనీకి ఆ అతిథిగృహం వెబ్‌సైట్ పని తెచ్చింది మాతో పనిచేసే రాలిత్సాయే. ఈస్టర్‌కు గదులు నిండకపోతే కొలను మూసేస్తానంది పిన్ని. "అప్పటికి సెర్చ్‌లో మొదటి పేజీలో ఉంటావు పిన్నీ, నాదే పూచీ" అంది రాలిత్సా.

సైటు రోగమేమిటో రాలిత్సాకు తెలుసు. ఫొటోలు మోయలేనంత బరువు, పేజీ తెరుచుకునేలోపు వచ్చినవాళ్లు వెళ్లిపోతున్నారు. గదుల పేర్లు, ధరలు కూడా బొమ్మల్లోనే గీసేసింది, వాటిని సెర్చ్ చదవలేదు. "నేనే పాడుచేశాను, నేనే బాగుచేస్తాను" అని తనే ఒప్పుకుంది.

మా దగ్గర పని రెండు వారాల విడతలుగా సాగుతుంది. ప్రతి విడతకూ ముందు కూర్చుని ఎవరి పని ఏదో తేల్చుకుంటాం. దాన్ని స్ప్రింట్ అంటారు, పరుగెత్తేదెవరో మాత్రం అడగకూడదు. ఆ జనవరిలో మా యజమాని ప్లామెన్‌కు పనిని పండగ చేయాలన్న బుద్ధి పుట్టింది. కొత్త సంవత్సరానికి చేసే బానిత్సా అనే చీజ్ రొట్టెలో మా దేశంలో అందరూ జాతకం చీటీలు పెడతారు, ఆయన పనుల చీటీలు పెట్టించాడు.

"ఎవరి ముక్కలో ఏది వస్తే అది వాళ్లదే! బృందస్ఫూర్తి!"

మొదటి ముక్క అలవాటు ప్రకారం దేవమాతకు కోసి, గోడ మీద చంటిపిల్లాణ్ని ఎత్తుకున్న ఆమె పటం కింద పెట్టారు. దాన్నెవరూ ముట్టుకోరు. రాలిత్సాకు "కొత్త రంగులు" వచ్చింది.

"ఫొటోల బరువు తగ్గించే పని ఎవరికొచ్చింది?"

రాలిత్సా అడిగితే అందరూ తమ చీటీలు చూసుకుని తలలు అడ్డంగా ఊపారు.

"ఎవరికో వచ్చే ఉంటుందిలే. తిను తల్లీ, చల్లారిపోతోంది" అన్నాడు ప్లామెన్.

"పోనీ నేను చేస్తాను."

"చీటీ లేనిది పనుల బోర్డెక్కదు. విడత మధ్యలో మార్పులుండవు, నియమం."

నియమమట! రొట్టెలో పనులు దాచడానికి లేని నియమం, పని చేస్తానన్న మనిషికి అడ్డొచ్చింది. పనే పండగ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పండగపూట జీతం సంగతి ఎత్తడానికి అందరికీ మొహమాటం, వాళ్లకు కావాల్సిందదే.

రెండు వారాల తర్వాత అతిథిగృహం సెర్చ్‌లో మూడో పేజీకి జారింది. మళ్లీ సమావేశం. రాలిత్సా లేచి పటం దగ్గరికి వెళ్లి, రాయిలా ఎండిన ముక్కను తెచ్చి ప్లామెన్ ముందు బల్లకేసి కొట్టింది. చీటీ బయటపడింది: "ఫొటోల బరువు."

"పాపం దేవమాతకు తీరిక దొరకలేదేమో ప్లామెన్ గారూ! చంటిపిల్లాడి తల్లి కదా!"

"అరవకు రాలీ. వచ్చే విడతలో పెడదాం."

"వచ్చే విడతలో నేనుండను. ఆవిడనే పెట్టుకోండి, జీతం కూడా అడగదు!"

ఆ పూటే ఉద్యోగం మానేసింది. ఇంట్లో కూర్చుని పిన్ని సైట్లోని ఫొటోలన్నీ తేలిక చేసింది, పేర్లూ ధరలూ అక్షరాలుగా రాసింది. ఈస్టర్ ముందు వారం అతిథిగృహం మొదటి పేజీ అడుగుకు ఎక్కింది. గదులు నిండాయి, కొలను మూయలేదు.

సెర్చ్‌లో అతిథిగృహం పైకెక్కినట్టు చూపే గ్రాఫు గీతను ప్లామెన్ సిగ్గులేకుండా మా కంపెనీ సైట్లో వేసుకున్నాడు, "మా బృందస్ఫూర్తి ఫలితం" అని.

రాలిత్సాకు రావాల్సిన జనవరి జీతం, మా దేశపు డబ్బు లేవాల్లో రెండు వేల మూడు వందలు, ఇంకా ఇవ్వలేదు.