బావ కట్టిన దుమ్ము సంచి

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. నేను పెంచి చెప్పే మనిషిని. రేవులో కొన్నవి నెత్తళ్లే అయినా, నా నోట్లో అవి ఇంటికొచ్చేసరికి వంజరాలవుతాయి, పొయ్యెక్కేసరికి సొరచేపలవుతాయి. ఇందులోనూ అక్కడక్కడా సొరచేపలు తగులుతాయి. ముల్లు చూసుకుని తినండి.

మా అక్కని మేం అప్ప అనేవాళ్లం. డెబ్భైల చివర్లో అప్పా బావా విశాఖపట్నం జ్ఞానాపురంలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవారు. బావ ఓడరేవు వర్కుషాపులో వడ్రంగి. నాకు అప్పుడే గుమాస్తా ఉద్యోగం వచ్చింది. వాళ్ల ముందుగదిలో పడుకుని, అప్ప చేతి కూర తిని, వాళ్ల మీదే హాస్యాలాడుతూ బతికేవాణ్ణి.

ఆ పేటంతటికీ ఒకటే శత్రువు, ఎర్ర దుమ్ము. ఓడల్లోకి ఇనుప రాయి పోస్తున్నప్పుడు గాలి ఇటు తిరిగిందా, ఊరంతా దాని రాజ్యమే. పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి కాషాయం కట్టి సన్యాసుల్లో కలిసిపోయేది. మా వీధిలో తెల్ల కోళ్లు ఎర్ర గుడ్లు పెట్టేవి. అందుకే అక్కడి ఆడవాళ్లకి ఒక అలవాటు ఉండేది. ఎవరింటికెళ్లినా, కబుర్లు చెబుతూ చెబుతూనే కిటికీ గట్టు మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలిని చూసుకునేవారు. వేలు ఎర్రబడితే ఆ ఇల్లాలి పరువు పోయినట్టే. అప్ప పరువు ఎప్పుడూ పోలేదు. అందుకని పగలంతా ఆవిడ చేతిలో తడిగుడ్డ ఉండేది.

అలాంటి ఇంట్లోకి బావ చెక్కుడు మిషను తెచ్చాడు. పాత సామాన్ల దుకాణాల్లో ఏరుకొచ్చి తనే కట్టాడు. దానికి రెండు చేతులు. ఒక చేతిని పాత బొమ్మ మీద తడుముతూ పోతే, రెండో చేతికున్న ములుకు గిర్రున తిరుగుతూ అదే బొమ్మని కొత్త చెక్క మీద చెక్కుకుంటూ పోతుంది. చర్చిల కోసం సిలువలు, ద్రాక్షతీగలు, గోధుమ వెన్నులు చెక్కేవాడు. చెక్క కూడా ఓడల్లోంచి వచ్చిందే. సరుకు కింద పరిచిన పలకలు, ఏ దేశపు చెట్టో, దాని పేరేమిటో ఎవరికీ తెలీదు. అది యెరూషలేము నుంచి వచ్చిన చెక్క అని నేను పేటంతా చాటాను. ఒక ముసలావిడ వచ్చి ఆ పలకల్ని ముద్దుపెట్టుకుని వెళ్లింది.

మిషను తిరిగిన తొలిరోజు ఇల్లంతా పొడి. జ్ఞానాపురంలో అప్ప తుమ్మితే గోపాలపట్నం స్టేషన్లో రైళ్లు ఆగేవి. కొన్నాళ్లకి తుమ్ములు పోయి దగ్గు పట్టుకుంది.

“ఏటండీ, బయట్నించొచ్చే దుమ్ముతోనే నాను సస్తన్నాను. మీరు ఇంట్లో కూడా తయారు సేత్తన్నారేటి?”

“కొంచెం ఓపిక పట్టవే. దుమ్ముని పుట్టిన కాడే పట్టేత్తాను సూడు.”

అన్నట్టే పట్టాడు. పాత ఎగ్జాస్టు ఫ్యాను, ఒక తారు డబ్బా, ఎవరో పారేసిన లావుపాటి రబ్బరు గొట్టం సంపాదించాడు. గొట్టం నోరు ములుకు పక్కన పెట్టాడు. ఫ్యాను దుమ్ముని పీల్చి డబ్బాలోకి తోస్తుంది. బరువైన పొట్టు డబ్బాలో పడిపోతుంది, మిగిలిన గాలి పైనున్న గుడ్డ సంచిలోకి పోతుంది. ఆ సంచి బావ పాత లుంగీలతో అప్పే కుట్టింది. ఫ్యాను వేస్తే అది ఉబ్బి దూలానికి తగిలేది. ఆ ఈడ్పుకి పొరుగింటి కోడి గొట్టంలో దూరి, ఈకలన్నీ వదిలేసి, వంటకి సిద్ధంగా అవతలికొచ్చిందని నేను చెబుతుంటాను.

వారానికోసారి అప్ప ఆ సంచి విప్పేది. “ఒరే, మీ బావ లుంగీకి నెలలు నిండినాయి, పురుడు పొయ్యాల,” అంటూ వాకిట్లో కర్రతో బాది దులిపేది. పిల్లల్లేని ఆ ఇంట్లో ఆ హాస్యం ఆడే హక్కు ఆవిడకి తప్ప ఎవరికీ లేదు.

అక్కడే ఒక పొరపాటు జరిగింది. మా పేటవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు. సంచిని వాకిట్లో పెడితే ఎర్ర దుమ్ము పట్టేస్తుందని దాన్ని గదిలోనే ఉంచాం. బయటి దుమ్ము రాకుండా కిటికీలు బిగించి, సందుల్లో గుడ్డపేలికలు కుక్కాం. మాకు తెలిసిన దుమ్ము ఎర్రగా ఉంటుంది, బయటినుంచి వస్తుంది, వేలికి అంటుతుంది. అలా లేనిది మా లెక్కలో దుమ్మే కాదు.

పొరుగావిడ వచ్చింది. గట్టు మీద వేలు గీసింది. వేలికి ఏమీ అంటలేదు.

“ఓలమ్మ! ఇదేటే, మీ ఇల్లు అద్దంలాగుంది!”

“అంతా మా ఆయన మిషను సలవే,” అంది అప్ప, దగ్గు ఆపుకుంటూ. పెళ్లినాడు కూడా ఆవిడ మొహంలో అంత గర్వం నేను చూడలేదు. ఆ గర్వంతోనే, బావ చెక్కుతున్నంతసేపూ మిషను పక్కన పీట వేసుకుని, ద్రాక్షతీగలకి గరుకు కాగితం పట్టేది.

ఎనభైలు వచ్చేసరికి అప్ప చర్చిలో పాట చరణం పూర్తిచేయలేకపోయేది. తర్వాత్తర్వాత మామూలు మాట కూడా మధ్యలో ఆగిపోయేది. మిగతా సగం కోసం మేం ఎదురుచూసేవాళ్లం. సీతమ్మధారలో ఒక డాక్టరుకి చూపించాం.

“ఇంట్లో దుమ్ము ఉంటుందా?” అని అడిగాడాయన.

ముగ్గురం ఒక్కసారే “లేదండీ” అన్నాం. బావ ఊరుకోలేదు. “మా ఇంట్లో ఉన్నంత మంచి గాలి ఇసాపట్నం మొత్తమ్మీద నేదండి. కిటికీలన్నీ మూసే ఉంచుతాం,” అన్నాడు.

డాక్టరు మందు రాసి, సముద్రపు గాలి తగలనివ్వమన్నాడు. సముద్రపు గాలంటే మాకు హడలు. ఎర్ర దుమ్ము వచ్చేదే అందులో కదా. ఇంటికొచ్చి ఇంకేమైనా సందులు మిగిలాయేమో వెతికి మూసేశాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం, మిషను తిరుగుతుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగి, సంచి మెల్లగా సోలిపోయింది. కిటికీలు మూసున్న గది చీకటైపోయింది. కప్పులో ఉన్న ఒకే ఒక్క అద్దం పెంకులోంచి ఎండ నిలువుగా దిగి, అప్ప కూర్చున్న పీట మీద పడింది. రోజూ లైటు వెలుగుతుండటంతో ఆ ఎండని మేమెప్పుడూ గమనించలేదు.

ఆ ఎండ నిండా దుమ్ము. జల్లించిన పిండికంటే సన్నం. అది కిందికి పడటం లేదు, పైకి పోవడం లేదు. గట్టు మీద వాలడానికి కావలసిన బరువు కూడా దానికి లేదు. అప్ప ఊపిరి తీసినప్పుడు ఆమె మొహం వైపు కదిలేది, విడిచినప్పుడు కాస్త వెనక్కి జరిగేది. ఈ ఒక్కచోట పెంచి చెబుదామని చాలాసార్లు చూశాను. పెంచడానికి జాగా లేదు.

బావ లేచి వెళ్లి సంచిని అరచేత్తో తట్టాడు. లుంగీ నేతలోంచి పొగలాగా వచ్చింది. మళ్లీ తట్టాడు. మళ్లీ వచ్చింది.

“ఇది సంచి కాదురా, జల్లెడ,” అన్నాడు నాతో, మెల్లగా. “ముతకదంతా తను ఉంచుకుని, మెత్తందంతా మీ అప్పకి ఎట్టింది.”

పేలికలన్నీ పీకేశాడు. బిగుసుకుపోయిన కిటికీలు తెరుచుకోక ఒకదాని రెక్క ఊడబెరికాడు. మిషన్ని వాకిట్లోకి ఈడ్చాడు. మరి దాన్ని తిప్పలేదు. సాయంత్రానికి గాలి తిరిగి, ఇల్లంతా ఎర్రబడింది.

“ఎవురైనా సూత్తే... ఏటనుకుంటారు,” అంది అప్ప.

“అనుకోనీవే. నువ్వు గాలి పీల్చు.”

గాలైతే వచ్చింది. పీల్చే బలం అప్పకి మళ్లీ రాలేదు. తర్వాతి వానాకాలంలో పెద్దాసుపత్రిలో పోయింది. ఆ సమయానికి బావ మందుల కోసం కిందికి వెళ్లాడు. పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయన మెట్లెక్కి వచ్చి, నా మొహం చూసి, మందుల పొట్లం మంచం మీద పెట్టాడు. అప్ప దుప్పటి సర్దుతూ అడిగాడు.

“ఏటైనా అందేట్రా?”

“అంది బావా. ‘సంచి కుట్టింది నానే కదా, మీ బావ తప్పేటుంది? ఆయన్ని ఏడవొద్దను’ అంది.”

జన్మలో ఒక్క మాట పెంచి చెప్పని బావ, ఆ మాటని మాత్రం ఏటేటా పెంచుకుంటూ పోయాడు. చర్చి మెట్ల మీద ఎవరు పలకరించినా చెప్పేవాడు. వేళకి అన్నం తినమని కూడా అందట. జోడు తడిస్తే మార్చుకోమందట. నాకేసి చూసి, “అంతేనా కాదేట్రా?” అనేవాడు. “అంతే బావా,” అనేవాణ్ణి.

ఇప్పుడు బావ కూడా లేడు కనక చెప్పొచ్చు. మిగతావన్నీ నేను పెంచినవి. పుట్టించింది ఆ ఒక్క మాటే. అప్ప ఏమీ అనలేదు. అన్ని మాటలకి సరిపడా ఊపిరి ఆవిడ దగ్గర లేదు.