చదివే యంత్రం ఏది చదవదు?

ఎనభైల మధ్యలో మేము అమెరికాలో, డెట్రాయిట్ దగ్గరి నోవైలో ఉండగా మా ఆయన చూపు అడుగంటింది. పుట్టుకతో వచ్చిన జబ్బు. పక్కల నుంచి మూసుకుంటూ వచ్చి చివరకు సూదిబెజ్జమంత వెలుగు మిగిల్చింది. ఒక కార్ల కంపెనీలో విడిభాగాల పరీక్షల రిపోర్టులు చదివి లోపాలు పట్టడం ఆయన ఉద్యోగం. చదవలేని మనిషికి ఆ ఉద్యోగం ఎంతకాలం ఉంటుంది? అచ్చు కాగితాన్ని గాజు మీద బోర్లిస్తే పైకి చదివి వినిపించే యంత్రం ఒకటి వచ్చిందని విని, పైఅధికారి దాన్ని సోమవారం ఆఫీసులో చూపించమన్నాడు. పనికొస్తే కొంటామన్నాడు. పనికిరాకపోతే ఏమిటన్నది అతను చెప్పలేదు, మేము అడగలేదు.

యంత్రం అమ్మే మనిషి శనివారం దాన్ని తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టాడు. అచ్చయిన ఇంగ్లీషు ఏదైనా చదువుతుందన్నాడు. ఏది చదవదని మా ఆయన అడిగితే, వాడి చూడండి, మీకే తెలుస్తుందని నవ్వి, అలవాటు చేసుకోమని వదిలి వెళ్లాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. అక్కడి తెలుగు విశ్వాసులం ఒక్కోసారి ఒక్కో ఇంట్లో కూడేవాళ్లం. ఎవరు కొత్త కారు కొన్నా, ఇల్లు కొన్నా సంఘపెద్ద దాని మీద చేయి ఉంచి ప్రార్థించి, నూనెతో సిలువ గుర్తు వేయడం మా అలవాటు. అందరూ యంత్రం చుట్టూ చేరారు. ఒక పెద్దావిడకు మాత్రం అది మింగుడుపడలేదు.

"దేవుడు కళ్లు ఇవ్వలేడా అమ్మా, ఈ పెట్టెను నమ్ముకున్నారు?" అంది.

"ఇస్తాడు ఆంటీ. అందాకా సోమవారం ఆగదుగా," అన్నాను.

పైకి అలా అన్నానే గానీ ఆ మాట నన్ను వదల్లేదు. స్వస్థత కోసం ఉపవాసాలున్నదాన్ని. ప్రార్థన జరుగుతున్నంతసేపూ కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాను.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక మా ఆయన ఒక కాగితం పెట్టి బటన్ నొక్కారు. యంత్రం పై వరుసలు చక్కగా చదివింది. నడిమికి వచ్చేసరికి మాటలు ముక్కలై ఏదో గొణిగింది. ఇంకో కాగితం పెడితే మళ్లీ అక్కడే తడబడింది. నేను మూత ఎత్తి చూశాను. గాజు నట్టనడుమ నూనె సిలువ మెరుస్తోంది. మూత మీద వేశారనుకున్నాను నేను.

దేనితో తుడవాలో తెలియలేదు. గీత పడితే రేపన్నది లేదు. మా ఆయన, యంత్రం అమ్మే మనిషి ఇంటికి ఫోన్ చేశారు. నేను పక్కనే చెవి ఆనించి నిలబడ్డాను. గాజు మీద ఏం ఒలికిందని అతను అడిగాడు.

"ఒలకలేదు. ప్రార్థన చేసి నూనె రాశారు," అన్నారు ఈయన.

అవతల అతను, ఇలాంటిది తనకెవరూ నేర్పలేదని గొణిగి, మెత్తటి గుడ్డను సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండి తుడవమన్నాడు. నేను పాత నూలు చీర చింపి, ఊపిరి బిగబట్టి తుడిచాను. ఈసారి యంత్రం కాగితమంతా చదివింది. మా ఆయన మాత్రం ఫోన్ పెట్టేయలేదు.

"మేము దాచకుండా చెప్పాం. ఇప్పుడు మీరు చెప్పండి. ఇది ఏది చదవదు?"

అమ్మకం కాకముందు అలాంటివి చెప్పడం మా కంపెనీకి ఇష్టం ఉండదన్నాడతను.

"రేపు అందరి ముందూ నేను నోరు తెరుచుకుని నిలబడితే ఇష్టమేనా?"

అప్పుడు చెప్పాడు. కార్బన్ కాపీలు చదవదు. పట్టికలుంటే గడులన్నీ కలిపేసి అడ్డంగా చదువుకుపోతుంది. మా ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. ఆయన రిపోర్టుల నిండా పట్టికలే.

బైబిల్లో, దారిపక్కన కేకలు వేసిన గుడ్డివాణ్ణి యేసు ప్రభువు, నీకేం కావాలని ముందు అడిగాడు. ఆయనకు తెలియక కాదు. ఈ యంత్రం కంపెనీ మమ్మల్ని ఆ మాట అడగనే లేదు. అడిగి ఉంటే, కళ్లు కావాలని మా ఆయన అనేవారు కాదు. అవి ఎవరిని అడగాలో మాకు తెలుసు. యంత్రం ఎంతవరకు పనికొస్తుందో ముందుగా చెప్పమనేవారు, అంతే.

సోమవారం ఆయన్నీ యంత్రాన్నీ నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. పైఅధికారి చేతిలో ఒక పట్టికల కాగితం సిద్ధంగా ఉంది. మాకంటే ముందే అక్కడికి వచ్చిన అమ్మే మనిషి దాన్ని చూసి తల దించుకున్నాడు.

"ఇది పట్టికలు చదవలేదు. ముందే చెబుతున్నాను," అన్నారు మా ఆయన.

"నీ పనిలో సగం అవేగా?"

"సగం పైనే. ఇప్పుడు మొత్తం ఇంకొకరితో చదివించుకుంటున్నాను. ఇకమీదట పట్టికలు మాత్రమే చదివించుకుంటాను."

పైఅధికారి పట్టికలు లేని ఇంకో కాగితం తీసి గాజు మీద పెట్టాడు. యంత్రం తన మొద్దు గొంతుతో కింది వరుస దాకా చదివింది. అతను అమ్మే మనిషి వైపు తిరిగి, పట్టికల సంగతి నీకు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాడతను.

"మిగతాది చదువుతోంది కాబట్టి కొంటాం. ఏమేం చదవదో రాసిచ్చి వెళ్లు."

అతను అక్కడే పెన్ను తీసి గబగబా రాసి, కాగితం మా ఆయన చేతిలో పెట్టాడు. మా ఆయన దాన్ని వేళ్లతో తడిమి తిరిగి ఇచ్చేశారు.

"చేతిరాత కూడా చదవదేమో. టైపు చేయించి పంపండి."