కిష్టమ్మ కంట్లో నలుసు

వేడెక్కిన ప్లాస్టిక్ వాసన ఎక్కడ తగిలినా నా చెయ్యి దానంతటదే కళ్ల మీదికి పోతుంది. వెంటనే కిష్టమ్మ గుర్తొస్తుంది, ఆ వెనకే సిగ్గు.

2011లో శంషాబాదు దగ్గర సాతంరాయి దాటాక ఒక రేకుల షెడ్డులో సూపర్‌వైజరుగా చేరాను. విమానాశ్రయం వైపు నుంచి వచ్చే ఖాళీ సీసాలను అక్కడ మిషన్లో వేసి ముక్కలు చేసేవారు. గుంటూరు నుంచి వచ్చిన నాకు ఆ పనిలో ఓనమాలు కూడా తెలియవు. నేర్పింది మామిడిపల్లి నుంచి అక్కడ పనికి వచ్చే కిష్టమ్మ. సీసాను చేత్తో నలిపి, ఆ చప్పుడును బట్టే అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పేది. "జర చెవి పెట్టి విను సారూ, గిది వేరే, గిది వేరే" అనేది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. నేను తప్పు చేస్తే నలుగురిలో అనేది కాదు, పక్కకు పిలిచి చెప్పేది.

మిషన్ నడిచినంతసేపూ కంటికి ఆనని పొడి గాల్లో తేలుతుండేది. కళ్లకు అద్దాలు ఇప్పించమని ఆమె అడిగింది. యజమానితో ఒకసారి చెప్పాను. ఆయన వినలేదు, నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒకరోజు ఆమె ఎడమ కన్ను ఎర్రగా వాచింది. శంషాబాదులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే యజమాని "షెడ్డు మాట రానివ్వకు" అన్నాడు. "ఏం పని చేస్తావమ్మా?" అని డాక్టరు అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే నేను "పొలం పనండీ, దుమ్ము పడింది" అన్నాను. కిష్టమ్మ నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆయన చుక్కల మందు రాసిచ్చాడు.

పది రోజులైనా తగ్గలేదు. రెండోసారి వెళ్లినప్పుడు ఆమే ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరు పై రెప్ప తిరగేసి వెతికి, కనబడీ కనబడని ప్లాస్టిక్ నలుసు బయటికి తీశాడు. "మొదటే చెప్పుంటే అప్పుడే రెప్ప తిప్పి చూసేవాణ్ణి కదా" అన్నాడు నాతో. అప్పటికే రెప్ప వేసినప్పుడల్లా అది గీరుకుని నల్లగుడ్డు మీద మచ్చ పడిపోయింది. ఆ కంటికి మసక చూపే మిగిలింది.

బయటికొచ్చాక ఆమే అంది: "నౌకరి పోతదని భయపడ్డవ్, నాకెరుకే. గని సారూ, కన్ను నాది. నన్ను చెప్పనియ్యాల్సింది."

ఆ వారమే ఆమె పని మానేసింది. నేను మాత్రం ఇంకో రెండేళ్లు అక్కడే ఉద్యోగం చేశాను.

ఇప్పుడు వేరే ఫ్యాక్టరీలో ఉన్నాను. మా పనివాళ్లకు కళ్లద్దాలు నేనే దగ్గరుండి పెట్టిస్తాను. ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గది బయటే కూర్చుంటాను, లోపలికి వెళ్లను. అది నా మర్యాద అని తోటివాళ్లు అనుకుంటారు. కాదని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.