మూడు చొక్కాలు, ముప్పైమూడు కిలోలు

విజయవాడ వన్ టౌన్‌లో వెంకటసుబ్బారావుగారి బెల్లం కొట్టు తెరవగానే ముందు కాటాకు పసుపూ కుంకుమా పెడతారు. ఆ తరవాత దాని మీదికి గుమాస్తా సంజీవరావు ఎక్కుతాడు. నూటపద్దెనిమిది కిలోలు. కాటా కడ్డీ అక్కడ నిలిస్తే ఆ రోజు తూకాలకు ఢోకా లేనట్టే. పన్నెండేళ్లుగా అదే వరస. ఉయ్యూరు వైపు నించి బెల్లం తెచ్చే రైతులు గోడ మీది దేవుడి పటం చూసినా చూడకపోయినా, ఆయన ఎక్కడం మటుకు కళ్లారా చూసేవాళ్లు.

మనిషి మరి అలాంటి మనిషి. దూరం నించి ఆయన రావడం చూస్తే రిక్షావాళ్లు చైను ఊడిందనేవాళ్లు. బస్సులో ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. చర్చిలో నలుగురు పట్టే బల్ల మీద ఆయన ఉంటే ముగ్గురే. ఎవరేమన్నా నవ్వేసి, "నా బరువుతో ఓ కొట్టు నడుస్తోందయ్యా, మీ బరువుతో ఏం నడుస్తోంది?" అనేవాడు.

పంతొమ్మిది వందల డెబ్బైనాలుగులో ఆయనకి కడుపులో పుండు ముదిరింది. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ఆపరేషన్ చేసి పొట్టలో సగం పైగా తీసేసింది. "ఇక గుప్పెడు గుప్పెడు, రోజుకి ఆరుసార్లు. తీపి జోలికి పోవద్దు," అంది. చెప్పింది ఎవరికి? బెల్లం కొట్టు గుమాస్తాకి! మాట వినకుండా ఓ పలుకు నోట్లో వేసుకుంటే చెమటలు, గుండెదడ, గోడ పట్టుకుని నిలబడటం. భార్య హన్నా కాఫీ గ్లాసుతో అన్నం కొలిచి పెట్టేది. ఒకప్పుడు ఆయనకి నెయ్యికే ఆ గ్లాసు చాలేది కాదు.

ఆరు నెలలు ఇంట్లో ఉన్నాడు. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదని మొదట్లో సంబరపడ్డాడు. తన చెప్పుల పట్టీలు తనే వంగి పెట్టుకున్న రోజు హన్నాని పిలిచి మరీ చూపించాడు. తరవాత భయం పట్టుకుంది. నూటపద్దెనిమిది లేని సంజీవరావుతో సుబ్బారావుగారికేం పని? తూకం వేసేవాళ్లు వన్ టౌన్‌లో వీధికి పదిమంది.

తిరిగి కొట్టుకి వెళ్లే రోజు మాఘమాసపు చలిని సాకు చేసుకుని ఒకదాని మీద ఒకటి మూడు చొక్కాలు వేసి, పైన పాత ఉన్నికోటు తొడిగాడు.

"ఏంటండీ, పెట్టె మోయలేక బట్టలన్నీ ఒంటిమీదే పట్టుకెళ్తున్నారా?" అంది హన్నా.

"చలే."

"చలి నాకూ ఉంది. మీకున్నది చలి కాదు."

కొట్లో సుబ్బారావుగారు ఆప్యాయంగా, "రావయ్యా, కాస్త వాడిపోయావు," అని నేరుగా కాటా చూపించారు. సంజీవరావు ఎక్కాడు. కడ్డీ ఎనభై అయిదు దగ్గర నిలబడింది.

"డాక్టరమ్మ తీసిన ముక్క ఎంతుంటుందయ్యా?" అన్నారు సుబ్బారావుగారు, ఆలోచించి.

"సగం పొట్ట పైగానండి."

"మహా అయితే కిలో. అంటే నూటపదిహేడుండాలి. ఎనభై అయిదేంటి? నువ్వు లేక కాటాకి జబ్బు చేసినట్టుంది." వెనక మరలు తిప్పి, ఇనుప బిళ్ళ జరిపి, చివరికి నూటపదిహేడు చూపించాక చేతులు దులుపుకున్నారు. తప్పు కాటాది కాదని సంజీవరావుకి తెలుసు. కానీ కోటు గుండీలు పెట్టుకుని కాటా దిగాడు. ఉద్యోగం నిలిచింది కదా!

అంతలో ఉయ్యూరు నించి సంపూర్ణమ్మ వచ్చింది. ఏటా బెల్లం తెచ్చే రైతు. దిమ్మ కాటా మీద పెట్టింది. నలభై రెండు.

"అదేంటండీ! ఇంటికాడ పది తూగింది. నా బెల్లం దారిలో గానీ ఈనిందా?"

"మీ ఇంటి కాటా తప్పేమోనమ్మా."

"కాటా తప్పయితే నా చంక కూడా తప్పేనా సుబ్బారావుగారూ? చంకన పెట్టుకుని బస్సు దిగొచ్చాను. నలభై రెండు కిలోలు అట్టా మోయగలిగితే మీకు బెల్లమెందుకు అమ్ముతాను, సర్కసులో చేరతాను."

హమాలీలు పగలబడి నవ్వారు. సంజీవరావు నవ్వలేదు. కోటు గుండీలు విప్పి, లోపల మూడు చొక్కాల కాలర్లూ చూపించాడు.

"కాటా మంచిదేనండి అయ్యగారూ. తగ్గింది నేను."

"కిలో ముక్కకి ముప్పైమూడు కిలోలు ఎలా పోతాయయ్యా?"

"దాంతోపాటు దాంట్లోకి వెళ్లేదంతా పోయిందండి." తల దించుకున్నాడు. "ఇక నన్ను ఎక్కించి లాభం లేదు. తూకం రాళ్లతో సరిచూసుకోండి."

సుబ్బారావుగారు రాళ్ల వైపు చూశారు. సంపూర్ణమ్మే అందుకుంది.

"రాళ్లనెవరు నమ్ముతారు? పన్నెండేళ్లుగా రాళ్లేమన్నా నన్ను మా పిల్లలెట్టా ఉన్నారని అడిగాయా? ఆయన్నే ఎక్కించండి. తక్కువైన కాడికి పక్కన రాళ్లు పెట్టండి."

రాళ్లే పెట్టేటప్పుడు ఇక మనిషెందుకని అక్కడెవరికీ తోచలేదు. తోచినా అనలేదు. సుబ్బారావుగారు వంగి మరలు మళ్లీ మొదటికి తిప్పారు.

మర్నాడు సంజీవరావు ఒక్క చొక్కాతో వచ్చాడు. పసుపూ కుంకుమా అయ్యాక కాటా ఎక్కాడు. పక్కన ముప్పైమూడు కిలోల రాళ్లు పేర్చారు. కడ్డీ నూటపదహారు దగ్గరే ఆగింది.

"రాత్రికి రాత్రి మళ్లీ రెండు కిలోలా!"

"కోటూ చొక్కాలూ అండి."

సుబ్బారావుగారు ఇంకో రెండు కిలోల రాయి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టారు. కడ్డీ నిలబడింది.

"ఇక తగ్గకయ్యా. కొట్లో రాళ్లు చాలవు."

సంజీవరావు దిగి, ఓ మూల కూచుని, హన్నా కట్టిచ్చిన గ్లాసు మూత తీశాడు. పొద్దుటి నించి అది రెండో గుప్పెడు.