కూర్చోబెట్టి కొలిచిన బండి

కొండ దాటి వచ్చిన జాకెట్లన్నీ ఏటా ఒకే దుకాణానికి చేరతాయి. మోచేతుల దగ్గర చిరిగినవి, జిప్పులో ఇసుక ఇరుక్కున్నవి, వీపున ఎర్రమట్టి గట్టిపడినవి. టేపక్క వాటిని బల్ల మీద పరిచి ఒక్కొక్కటే తిరగేస్తుంది. ఎడమ భుజం అరిగిందంటే ఆ మనిషి ఎడమవైపు పడ్డాడన్నమాట. మోకాళ్ళ దగ్గర బట్ట నాని మెత్తబడిందంటే వాగు మధ్యలో బండి ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ కొండదారిని ఆమె ఇలా బట్టల మీదే చూస్తోంది.

అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది. ఊరందరికీ ఆమె టేపక్క. కొలతల టేపు మెడలోంచి దిగదు. దేవుడి ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు కూడా దాన్ని తియ్యడం మరిచిపోతుంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, అయిదడుగుల ఒక అంగుళం. కుట్టిన బట్టలు చుట్టుపక్కల ఊళ్ళకు చేరవెయ్యడానికి పన్నెండేళ్ళుగా ఒక చిన్న మోటార్‌సైకిలు నడుపుతోంది. ఆ దారుల్లో ఎవరైనా మందుల చీటీ చేతిలో పెడితే, తిరుగు ప్రయాణంలో మందులు తెచ్చి గుమ్మంలో ఇచ్చి వస్తుంది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, ఆమె కూడా పెట్టుకోలేదు.

ఆ రోజు జాకెట్టు తెచ్చింది మాస్టారు. పిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన మనిషి. కొండదారిన వెళ్ళే మోటార్‌సైకిళ్ళ బృందానికి ఆయనే పెద్ద.

"ఈసారి కాస్త గట్టిగా కుట్టమ్మా. ఇదే ఆఖరు."

"అదేంటి మాస్టారూ, మోకాళ్ళు మొరాయిస్తున్నాయా?"

"మోకాళ్ళు కాదు, దారి. సొరంగం పూర్తయింది. వచ్చే ఏడాది నుంచి అందరూ కొండ కిందినుంచే పోతారు. పైన మంచు తీసేవాళ్ళుండరు. నాలుగేళ్ళు పోతే అక్కడ దారి ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మరు."

టేపక్క కాలు మిషను మీదే ఉంది గాని మిషను ఆగిపోయింది.

"అయితే ఈసారి నేనూ వస్తాను మాస్టారూ" అంది.

పక్కన బొత్తాలు కుడుతున్న వదిన తలెత్తకుండానే, "ఎక్కడికి, బజారుకా?" అంది. టేపక్క అన్నగారి భార్య ఆమె. దుకాణంలో సగం పనీ, ముప్పాతిక మాటలూ ఆమెవే.

మాస్టారు నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే టేపక్కకు పెద్ద మర్యాద అనిపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎవరొచ్చినా రెండు పనులు చేసి చూపించాలమ్మా" అన్నాడు. "గులకరాళ్ళ ఏటవాలులో బండి ఆపి, పది లెక్కపెట్టి, పడకుండా మళ్ళీ పైకి ఎక్కించాలి. పడిన బండిని ఒక్కరే లేపాలి. ఇందులో నాకు మొహమాటం లేదు. పన్నెండు రోజులు ఎవరి బండి వాళ్ళదే. నీ చిన్న బండి మాత్రం పనికిరాదు. పైన గాలి పలచన, దానికి ఊపిరాడదు. రాళ్ళకు పొట్ట తగులుతుంది. నేలకు ఎత్తుగా ఉండి, పొడుగు స్ప్రింగులతో సామాను మొయ్యగలిగింది కావాలి. ఇవాళ్టికి మూడు వారాలు. ఆ ఆదివారం పొద్దున పాత క్వారీ దగ్గర పరీక్ష. అక్కడే పేర్లు రాసేస్తాను."

ఆయన వెళ్ళాక వదిన దారం కొరికి, "దేవుడు కాళ్ళు పంచిపెట్టిన రోజు నువ్వు వరసలో ఆఖర్న నిలబడ్డావు. ఇప్పుడు ఎత్తు బండి కావాలంట" అంది.

"నా ముందు నిలబడింది నువ్వేగా వదినా. నీకేమన్నా ఎక్కువొచ్చాయా?"

వదిన తన కాళ్ళ వంక చూసుకుని మాట మార్చింది.

ఇంట్లో పెద్ద వాదన జరగలేదు. టేపక్క భర్త స్కూలు బస్సు నడుపుతాడు. రోజంతా నలభైమంది పిల్లల అరుపులు విన్నాక ఇంట్లో ఆయన మాట్లాడేది తక్కువ.

"దాచింది ఉందిగా, కొనుక్కో" అన్నాడు. "రోజూ ఫోన్ మాత్రం చెయ్యి."

"పైన సిగ్నలుండదటండీ."

"అయితే దిగాక చెయ్యి."

మర్నాడే షోరూంకు వెళ్ళింది. అక్కడి మేనేజరు ఆరడుగుల మనిషి. ఆమె రాగానే కుర్చీ జరిపి, మంచినీళ్ళు ఇచ్చి, ఆ తర్వాతే ఏం కావాలని అడిగాడు. దూర ప్రయాణాల బండ్లు నాలుగు వరసగా ఉన్నాయి. టేపక్క మెడలోంచి టేపు తీసింది. సీటు పైనుంచి నేలదాకా కొలిచి పుస్తకంలో రాసుకుంది. మొదటిది ముప్పైనాలుగు అంగుళాలు. రెండోది ముప్పైమూడు. మూడోది సన్నగా, పొడుగ్గా, ముప్పైరెండున్నర. నాలుగోది ఇరవైతొమ్మిది. తన కాలి కొలత కొత్తగా తియ్యనక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా తన ప్యాంట్లు తనే కుట్టుకుంటోంది. లోపలివైపు ఇరవైఎనిమిది.

మొదటి మూడింటినీ అక్కడికక్కడే కొట్టేసింది. ఇరవైఎనిమిది అంగుళాల కాలికి ముప్పైరెండున్నర అంగుళాల సీటు ఎలా సరిపోతుంది? కొలతలు తప్పయ్యే వ్యాపారం కాదు ఆమెది.

మేనేజరు కూడా నాలుగోదాన్నే చూపించాడు. "ఇది తీసుకోండమ్మా. పాదాలు రెండూ నేలకు ఆనుతాయి. ధైర్యంగా ఉంటుంది."

కూర్చుంటే నిజంగానే ఆనాయి. వెడల్పాటి, మెత్తటి సీటు. బరువు రెండు వందల ముప్పై కిలోలని చెప్పాడు. టేపక్క ఆ అంకె విన్నది గాని రాసుకోలేదు. బరువు ఆమె కొలతల పుస్తకంలో ఎప్పుడూ లేని గడి.

కొనేముందు క్వారీలో ఒకసారి నడిపి చూస్తానంది. మేనేజరు సరేనని వెంట వచ్చాడు. ఏటవాలు సగం ఎక్కేసరికి ఒక పెద్ద రాయి బండి పొట్టకు తగిలి కీచుమంది. ఆమె ఆపి రెండు పాదాలూ చక్కగా ఆనించింది. ఆనించిన చోట గులకరాళ్ళు జారాయి. బండి ఒరగడం మొదలైంది. రెండు వందల ముప్పై కిలోలు ఒరుగుతుంటే పాదాలు ఎంత బాగా ఆనినా ఒకటే. ఆమె తప్పుకుంది, బండి పడింది.

లేపబోయింది. హ్యాండిలు పట్టి లాగితే చక్రం తిరిగింది గాని బండి కదల్లేదు. రెండోసారి నడుం పట్టేసింది. మూడోసారి చెయ్యి వేసేలోపు క్వారీలో రాళ్ళు కొట్టే ఇద్దరు సుత్తులు కింద పెట్టి వచ్చారు. మేనేజరూ వాళ్ళూ కలిసి లేపారు. ఇంధన ట్యాంకు మీద గీత పడింది.

"గీత నా లెక్కలో పెట్టండి బాబూ" అంది టేపక్క.

"ఊరుకోండమ్మా, చూపించడానికి పెట్టిన బండికి గీతలు మామూలే" అన్నాడు ఆయన. ఆ గీతను చేత్తో తుడుస్తున్నాడు, తుడిస్తే పోతుందన్నట్టు.

మిగిలింది ఇరవై రోజులు. మర్నాడు దుకాణంలో ఆమె నోరు విప్పలేదు. వదినకు దుకాణంలో నిశ్శబ్దం పడదు.

"ఏం, కొండ ఊళ్ళోకే దిగొచ్చి మీద పడ్డట్టు కూర్చున్నావు?"

"ఎత్తు బండికి నా కాలు చాలదు వదినా. చాలిన బండిని నేను లేపలేను."

"చాలదని ఎవరన్నారు?"

"కొలిచాను కదా."

"ఎలా కొలిచావు?"

టేపక్క పుస్తకం చూపించింది. వదిన దాన్ని చూడనే లేదు. గుమ్మం దగ్గరి గట్టి స్టూలు వైపు చెయ్యి చూపించింది. ప్యాంటు కొలతకు వచ్చిన ప్రతివాణ్ణీ టేపక్క దాని మీద కూర్చోబెట్టి, నడుం నుంచి స్టూలుదాకా కొలుస్తుంది. నిలబెట్టి కొలిచిన ప్యాంటు కూర్చుంటే పట్టేస్తుంది.

"ఊళ్ళో వాళ్ళందర్నీ కూర్చోబెట్టి కొలుస్తావు. ఆ బండిని మాత్రం ఖాళీగా నిలబెట్టి కొలిచొచ్చావు. దాని మీద ఎవరు కూర్చున్నారు అప్పుడు? ఎవరూ లేరు. స్ప్రింగులున్న వస్తువు మనిషెక్కితే దిగదూ? నా మంచమే దిగుతోంది."

టేపక్క చేతిలోని సూదిని బట్టకు గుచ్చింది. తర్వాత లేచి చెప్పులు వెతుక్కుంది.

"ఎక్కడికి?"

"షోరూంకి. నువ్వూ రా, టేపు పట్టుకోవాలి."

ఈసారి బూట్లు వేసుకుని వెళ్ళింది, కొండ మీద వేసుకోబోయేవే. రెండు బ్యాగుల నిండా బట్ట తానులు కుక్కి, మూడో బండికి రెండువైపులా కట్టింది. ఎక్కి కూర్చుంది. మేనేజరు ముందునుంచి బండిని నిటారుగా పట్టుకుంటే వదిన నేల మీద మోకాళ్ళూని టేపు పెట్టింది.

"ముప్పైన్నర" అంది. "రెండంగుళాలు మింగేసింది."

బూటు అడుగు అంగుళంపావు. తేడా ఇక అంగుళంపావే. కాని పాదం మాత్రం అంతకంటే ఎత్తులోనే తేలుతోంది. టేపక్క దిగి సీటు ముందుభాగాన్ని అడ్డంగా కొలిచింది. అప్పుడు తెలిసింది. సీటు అంచులు తొడలను పక్కలకు తోస్తున్నాయి. కాలు తిన్నగా దిగక, వాలుగా దిగుతోంది. వాలుగా వచ్చిన కాలు ఎప్పుడూ పొట్టిదే.

"స్ప్రింగులు కురచ చేయించేద్దాం అమ్మా, అలా చేసేవాళ్ళున్నారు" అన్నాడు మేనేజరు.

"వద్దు బాబూ. దాని కాళ్ళు కురచ చేస్తే పొట్ట కిందికొస్తుంది. దాని ఎత్తు దానికి ఉండనీ. సీటు నా పని." తర్వాత మొదట అడగవలసిన మాట అడిగింది. "దీని బరువెంత?"

"నూట అరవై."

ఈసారి రాసుకుంది.

బండి ఇంటికి వచ్చిన రోజే సీటు ఊడదీసి కుట్టుబల్ల మీద పెట్టింది. తొడుగు విప్పితే లోపల బూడిదరంగు ఫోమ్. కోసిన ఫోమ్ మళ్ళీ అతకదు. కోశాక బండి వెనక్కి తీసుకోరు. టేపక్క సుద్దముక్కతో గీతలు గీసింది. దేవుడికి ఒక మాట చెప్పుకుని, పొడుగాటి పదును కత్తి పెట్టింది. పైన ముప్పాతిక అంగుళం, ముందు అంచుల్లో రెండువైపులా అంగుళమేసి. గరుకు కాగితంతో రుద్ది, కూర్చుని చూసి, మళ్ళీ రుద్దింది. తొడుగు బిగించి కుట్టేసరికి మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది. భర్త వచ్చి దాన్ని వేడిచేసి తెచ్చి బల్ల అంచున పెట్టి వెళ్ళాడు.

ఎక్కి చూసింది. రెండు కాళ్ళ మునివేళ్ళూ ఆనాయి. తుంటిని ఒక పక్కకు జరిపితే ఎడమ పాదం మొత్తం ఆనింది.

బండి లేపడం మాస్టారే నేర్పాడు. "చేతులతో కాదమ్మా, కాళ్ళతో లేపాలి. బండికి వీపు ఆనించి కూర్చో. ఒక చెయ్యి హ్యాండిలుకి, ఒక చెయ్యి సీటు కింద కమ్మీకి. వెనక్కి నడు." తొమ్మిది రోజులు, రోజుకు నాలుగుసార్లు, తనే బండిని పడుకోబెట్టి తనే లేపింది. మొదటి రెండు రోజులు లేవలేదు. మూడోరోజు లేచి అవతలివైపు పడింది. వదిన గోడ మీద కూర్చుని, "ఒక పక్కే అరిగితే బాగుండదని రెండోవైపు కూడా పడేస్తున్నావా?" అని అడిగింది. ఆరో రోజు నుంచి ఖాళీ బండి మాట వింది.

ఆదివారం క్వారీ దగ్గర టేపక్కది కాక పదకొండు బండ్లు నిలిచాయి. నడిపేవాళ్ళ జాకెట్లలో ఆమె చెయ్యి పడనిది లేదు. ఆమె వంతు వచ్చింది. ఏటవాలు మధ్యలో ఆపింది. తుంటి జరిపి ఎడమ పాదం ఆనించింది. కుడికాలు బ్రేకు మీద.

కింద ఒకాయన, "రెండు కాళ్ళూ ఆనాలి కదా మాస్టారూ" అన్నాడు.

"ఆపమన్నాను. ఆపింది" అన్నాడు మాస్టారు. పది దాకా ఆయనే పైకి లెక్కపెట్టాడు. రాళ్ళు వెనక్కి చిమ్మాయి, బండి పైకి వెళ్ళింది.

తర్వాత ఆమె బండిని, కట్టిన బ్యాగులతో సహా, రాళ్ళలో పడుకోబెట్టాడు. టేపక్క వీపు ఆనించి కూర్చుంది. కాళ్ళు తన్నింది. బండి జానెడు లేచి కిందికి పోయింది. ఇంట్లో ఎప్పుడూ బ్యాగులతో లేపి చూడలేదు. మళ్ళీ తన్నింది, మళ్ళీ పోయింది. ముందువరసలో నిలబడ్డ ఒక పెద్దాయన ఒకడుగు ముందుకు వేశాడు. అంతలోనే ఆగి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. తను సాయం పడితే ఆమె ప్రయాణం పోతుందని ఆయనకు గుర్తొచ్చింది. సాయం చెయ్యకుండా నిలబడటం ఎంత కష్టమో ఆయన ముఖంలో కనబడింది.

టేపక్క లేచి నడుం నిమురుకుంది. ఊపిరి తీసుకుంది. వంగి పైవైపు బ్యాగు బకిల్సు విప్పి పక్కన పెట్టింది. బండి కింద చిక్కుకున్న రెండోదాని బకిల్సు కూడా విప్పింది, బండి లేస్తే అది అక్కడే ఉండిపోతుంది. ఎవరినీ అడగలేదు. మళ్ళీ కూర్చుని, కమ్మీ పట్టుకుని, వెనక్కి నడిచింది. ఒక అడుగు. రెండు. మూడో అడుగుకు బూటు జారింది. పట్టు వదల్లేదు. నాలుగో అడుగుకు బండి చక్రాల మీద నిలబడింది. కాలితో స్టాండు వేసి, బ్యాగులు తెచ్చి ఒక్కొక్కటీ కట్టుకుంది.

మాస్టారు కాగితం తీసి, "పన్నెండు" అని అంకె వేశాడు. "అసలు పేరు చెప్పమ్మా, పైన చెక్‌పోస్టులో అడుగుతారు."

ఆమె చెప్పింది. ఆ పేరు విని పదకొండుమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

వదిన దగ్గరికొచ్చి బ్యాగు పట్టీ లాగి చూసింది, గట్టిగా ఉందా లేదా అని.

"పన్నెండు రోజులు దుకాణం ఎవరు చూస్తారు?"

"నువ్వే."

"నన్నడిగావా?"

"ఇప్పుడు అడుగుతున్నా వదినా."

వదిన ఇంకో పట్టీ బిగించింది. "సరే వెళ్ళు. అంత పైకి పోతున్నావు, అక్కడ దణ్ణం పెట్టుకునేటప్పుడు నా పేరూ చెప్పు. ఇక్కణ్ణుంచి నేను చెబితే ఎప్పుడూ వినిపించుకోలేదు."

"చెబుతా" అంది టేపక్క. బండెక్కి, ఎడమ పాదం ఆనించి, తాళం తిప్పింది.