కుంకుమరంగు కుట్లు

ధర్మవరంలో పుల్లయ్య మగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చున్నాడంటే, పక్కనే అతని మేక కూడా మోకాళ్ళు మడుచుకుని కూర్చునేది. నాడె అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు దాని కళ్ళు తిరిగేవి. పెంకుల సందుల్లోంచి ఎండ జారి దారాల మీద పడుతుంటే, ఇద్దరూ ఒకే కలలో ఉన్నట్టుండేవారు. నలభై ఏళ్ళుగా పట్టు నేస్తున్నా, తన చీర ఒక మనిషి ఒంటిమీద ఎలా ఉంటుందో పుల్లయ్య చూసి ఎరగడు. మగ్గం దిగగానే అది షావుకారు మూటలో రైలెక్కి పోయేది. ఇంట్లో భార్య అలివేలమ్మ కట్టేది నూలు చీరే.

ఒకనాడు వీధికుక్కలు మేక డొక్క చీల్చాయి. పుల్లయ్య దాన్ని భుజాన వేసుకుని పశువుల ఆస్పత్రికి పరుగెత్తాడు.

"కుట్టేదానికి దారం అయిపోయిండాది కదప్పా!" అన్నాడు డాక్టరు.

పుల్లయ్య ఇంటికి పోయి, ఎవరి పెళ్ళికో నేస్తున్న చీర కండెలోంచి బారెడు పట్టుదారం తెచ్చాడు. కుంకుమరంగుది. డాక్టరు దాన్ని మరగబెట్టి ఏడు కుట్లు వేశాడు. మేక బతికింది.

పదోనాడు కుట్లు విప్పబోతే పుల్లయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్కటన్నా ఉండనీ సామీ. నా పట్టు కట్టుకోని నా కండ్ల ముందర తిరిగేది ఇదొక్కటే."

డాక్టరు ఆరే విప్పాడు.